తలగుడ్డ ఎరుపు

అమృత చేతిలో మొదట ఉన్న పెట్టుబడి ఇంతే: మొగుడు సాల్మన్ రాజు కొత్తది కొనుక్కున్నాక మూల పడేసిన కెమెరా, ఆళ్లగడ్డలో ఇంటి ముందరే ఉన్న స్టూడియో వెనక గదిలో కంప్యూటర్ ముందు ఒక స్టూలు, పెళ్లయిన నాటి నుంచీ వింటున్న 'నీకేం తెలుసు' అనే మాట. మొదటి రెండూ అరిగిపోయినవే. మూడోది మాత్రం ఎంత వాడినా అరగలేదు.

బోర్డు మీద సాల్మన్ రాజు పేరు. ప్రతి ఫోటో మూలనా ఆయన పేరే. పెళ్లికూతుళ్ల మొహాల మీది మొటిమలు చెరిపేది, నిద్ర లేని పెళ్లికొడుకుల కళ్లు తెల్లబరిచేది, బొమ్మంతా నలుపు తెలుపు చేసి ఒక్క చీరకో, ఒక్క దండకో రంగు మిగిల్చేది అమృత. పప్పు ఉడికేలోపల ఒక మొహం, కుక్కర్ కూతకూ కూతకూ మధ్య ఇంకో మొహం. అత్త మణెమ్మ ఆ గది గడప మీద కూర్చుని, "ఎండలో తిరిగేది నా కొడుకు. నీదేముంది, కూచోని బొత్తాలు నొక్కే పనే గదా" అనేది. కూర్చుని నొక్కేదానికి నడుము ఎందుకు పీకుతుందో ఆమె ఎప్పుడూ అడగలేదు.

దొర్నిపాడులో బండలాగుడు పోటీలు పెట్టారు. ఎద్దుల జత పెద్ద బండరాయిని ఈడ్చుకుంటూ పోవాలి, ఎక్కువ దూరం లాగిన జతదే గెలుపు. సాల్మన్ రాజు వీడియో పనికి పోతూ సామాను కాయడానికి అమృతను వెంటబెట్టుకుపోయాడు.

"ఆ ట్రాక్టర్ ట్రాలీలో ఆడోళ్ల పక్కన కూచో. సంచులు బద్రం. కిందికి దిగొద్దు, తొక్కుతారు."

ట్రాలీ ఎక్కి చూసింది అమృత. కింద మగవాళ్లంతా ఒకరి వీపు ఒకరు చూసుకుంటున్నారు. ఇక్కడి నుంచి మైదానమంతా అరచేతిలో ఉన్నట్టుంది. సరుకు తెలిసినవాళ్లెవరైనా ఈ చోటుకు ఎగబడాలి. పక్కకు తోసినవాళ్లకు తెలియకుండానే మంచి చోటు దానం చేశారు. సంచిలోంచి పాత కెమెరా తీసింది.

పొద్దు వాలుతోంది. చాగలమర్రి హుస్సేన్ వలి జత వంతు వచ్చింది. బండ సగంలో మొరాయించింది. ఎర్ర తలగుడ్డ కట్టిన హుస్సేన్ వలి చర్నాకోల పైకెత్తాడు. రెండు తెల్ల ఎద్దులూ మోకాళ్లు నేలకు తగిలేంత వంగి, మెడలు ముందుకు చాచి ఒక్క ఊపు ఊపాయి. బండ కదిలింది. కెమెరా బొత్తం మీద అమృత వేలు అప్పుడే దిగింది.

ఇంటికొచ్చి చూసి సాల్మన్ రాజు ఈల వేశాడు. "గుడ్డెద్దు చేలో పడినట్టు పడిందే!" అని, బొమ్మంతా నలుపు తెలుపు చేసి తలగుడ్డకు మాత్రం ఎరుపు ఉంచి, మూలన తన పేరు వేసి, ఫోటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఎట్లుందో చెప్పండన్నా అని అడిగాడు. చెప్పారు. "తలగుడ్డ అదిరింది అన్నా." "చర్నాకోల కుచ్చుకు గూడా ఎరుపు పెట్టు, ఇంకా లేస్తాది."

మొగుడు పైకి చదువుతుంటే అమృత గిన్నెలు తోముతూ ఆ మాటలు వింది. తన పనికి తన పేరు లేకపోవడం కొత్త కాదు. కానీ ఈసారి చేతిలోని పీచు ఆగిపోయింది. ఈ బొమ్మలో బండ లాగింది ఎవరు? ఎద్దులు. అవి తెల్లవి గదా, వాటికి రంగేముంటుందని మట్టితో పాటు బూడిదలో కలిపేశారు. రంగు దక్కింది కొట్టేవాడి తలగుడ్డకు. ఇప్పుడు కొరడాకు కూడా దక్కాలట. ఇన్నేళ్లూ ఈ పని చేసింది తన చేతులే గదా అనుకుంది, బూడిదలో కలిసింది కూడా తనే. తెలుపుకు రంగు లేదని ఎవరన్నారు? ఆ పూట వాలుపొద్దు ఎండ పడి మూపురాల మీద బంగారం కారింది. తను కళ్లారా చూసింది.

చేతులు తుడుచుకుని వెనక గదిలోకి పోయింది. అసలు ఫోటో మళ్లీ తెరిచి తలగుడ్డ ఎరుపు తీసేసింది. ఎద్దుల ఒంటి మీది ఎండను మాత్రం ఉంచింది.

"ఎర్రదాన్ని సంపినావే! కంటికి ఆనేదే అది" అన్నాడు సాల్మన్ రాజు. నవ్వుతూ దాన్ని కూడా గ్రూపులోకి తోశాడు, 'మా ఇంటామె ప్రయోగం' అని. "తెల్లెద్దుకు రంగేందన్నా?" అన్నాడొకడు. "వదినకు ఈ పొద్దు కూరలో ఉప్పు ఎక్కువై ఉంటాది" అన్నాడు ఇంకొకడు.

మరునాడు హుస్సేన్ వలి, పెళ్లాం రహమత్‌బీతో కలిసి స్టూడియోకు వచ్చాడు. నంద్యాల పెద్ద పోటీలకు తన జత ఫ్లెక్సీ కట్టాలి. సాల్మన్ రాజు ఎర్ర తలగుడ్డ బొమ్మ చూపించాడు. హుస్సేన్ వలి గడ్డం దువ్వుకున్నాడు.

అమృత టీ తెచ్చింది. గ్లాసులు అందించి ఎప్పటిలా వెనక్కి పోవాలి. పోలేదు. మొగుడి మొహం చూడకుండా, చెయ్యి చాచి తన బొమ్మ తెరిచింది.

రహమత్‌బీ టీ గ్లాసు కింద పెట్టింది. దగ్గరికి జరిగింది.

"ఏమయ్యా, నీ తలగుడ్డ ఉతికేది నేనే. దాని ఎరుపు నాకు కొత్తా? దూడలప్పుడు జావ తాపినా వీటికి. సాయంత్రం పూట ఇట్లే మెరుస్తాండె. ఇదే కట్టల్ల."

"నేను కనపడొద్దా?" అన్నాడు హుస్సేన్ వలి.

"కనపడతాండావులే, నల్లగా. బండ నువ్వు లాగినావా?"

హుస్సేన్ వలి నవ్వేశాడు. "ఎవురు తీసినారప్పా దీన్ని?"

"మా స్టూడియోదే అన్నా" అన్నాడు సాల్మన్ రాజు.

"నేను తీసినా" అంది అమృత. "రంగు దిద్దింది గూడా నేనే."

"అట్లయితే నంద్యాలకు నువ్వే రా పాపా" అంది రహమత్‌బీ.

"వస్తా పెద్దమ్మా. ట్రాలీ మీద నాకు చోటు కావల్ల. బొమ్మ కింద నా పేరు ఉండల్ల. సంచులు మాత్రం కాయను."

సాల్మన్ రాజు నోరు తెరిచాడు. బేరం ఎదురుగా కూర్చుని ఉంది. మూశాడు.

నంద్యాలలో మైదానం వాకిట్లోనే కట్టారు ఫ్లెక్సీ. బూడిదరంగు జనం మధ్య రెండు ఎద్దులు బంగారంలా మండుతున్నాయి. కింద మూలన 'ఫోటో: అమృత'. ఉప్పు జోకు వేసినవాడు దాని ముందు చాలాసేపు నిలబడి, ట్రాలీ దగ్గరికి వచ్చాడు.

"వదినా, తెలుపులో ఆ రంగు యాడ నుంచి తెచ్చినావు?"

"తేలేదప్పా. ఆడనే ఉండె. మీరు తీసేస్తాండారు."

లెక్క తేలిస్తే, ఈ బేరంలో పోయింది ఒక తలగుడ్డ ఎరుపు. వచ్చినవి: పైన ట్రాలీ మీద ఒక చోటు, బొమ్మ కింద ఒక పేరు, కింద సంచుల కాడ సాల్మన్ రాజు.