కింద మిగిలిన ఖాళీ

బేరాలొచ్చినప్పుడు ముందుగదిలో కనబడొద్దన్నాడు సుకుమార్, కెజియా కొర్రమీను పొలుసు తీస్తుండగా. సైట్లు ఆడవాళ్ళు చేశారంటే రేటు తగ్గించమంటారట. అత్తగారు సారమ్మ ఇంకా సూటిగా చెప్పేది: "మగాడి పేరు బోర్డు మీదుంటేనే కొట్టు నిలుస్తాది." తాడేపల్లిగూడెంలో ఆ ముందుగదే సుకుమార్ కంప్యూటర్స్. బోర్డు అతనిది, వెబ్‌సైట్లు కెజియావి. వంటయ్యి, బట్టలారేసి, అత్తగారు కునుకు తీసే వేళకి ఆమె జావాస్క్రిప్ట్ మొదలయ్యేది. ఆమె పుస్తకం చూసి నేర్చుకుంది. అతను "నేనే చేశానండి" అనడం నేర్చుకున్నాడు, అదీ ఏ పుస్తకమూ లేకుండా.

ఈసారి పని గణపవరం చేపల చెరువుల ఆసామి ఈశ్వరప్రసాద్‌ది. చేప పేరు నొక్కితే దాని బొమ్మా వివరాలూ ఉన్న పొర పైకి రావాలి, మిగతా పొరలు దాక్కోవాలి. అంతా రాసి, పేజీ అడుగున ఓ పెట్టెలో 'రూపకల్పన: కెజియా' అని పెట్టుకుంది.

"ఇదేంటి, శుభలేఖా?" అన్నాడు సుకుమార్. చేపల్ని దాచడానికి ఆమె కోడ్‌లో వాడిన మాటనే తెచ్చి ఆ పెట్టెకి తగిలించాడు. పేరు మాయమైంది. వెలుగు కలుగునుగాక అన్నవాడిలా కుర్చీలో వెనక్కి వాలాడు. దాచే మాటలు రెండున్నాయని అతనికి తెలీదు. ఒకటి పెట్టెని దాచినా దాని చోటు ఉంచుతుంది, రెండోది చోటు కూడా మిగల్చదు. అతను తగిలించింది మొదటిది. కెజియా అది గమనించి, దిద్దకుండానే కర్టెన్ వెనక్కి వెళ్ళింది.

మధ్యాహ్నం ఈశ్వరప్రసాద్ వచ్చి, శీలావతి, బొచ్చె చేపల పేర్లు మార్చి మార్చి నొక్కుకుని మురిసిపోయాడు. తర్వాత పేజీ అడుక్కి వెళ్ళాడు.

"కింద అంత ఖాళీ వదిలేశారేంటండీ? ఏదో రావలసింది రాలేదనుకుంటారు."

కంప్యూటర్ స్లోగా ఉందన్నాడు సుకుమార్. పేజీ మూసి తెరిచాడు. ఖాళీ కదల్లేదు. చివరికి కర్టెన్ వైపు తిరిగి టీ తెమ్మని కేకేశాడు. ఆమె రాగానే, పళ్ళ మధ్య నుంచి, "ఆ ఖాళీ తీసెయ్" అన్నాడు.

"లేవండి."

ఆసామి చూస్తున్నాడు కాబట్టి లేచాడు. కెజియా కూర్చుంది. రెండో మాట కొడితే సరి. పేరూ పోతుంది, చోటూ పోతుంది, రేపొచ్చే బేరానికి సుకుమార్ ఇదీ నేనే చేశానని చూపించుకుంటాడు. చోటు ఎలాగూ ఉంది కదా అనుకుంది. పెట్టెకి అతను తగిలించిన మాట తీసేసి పేజీ తెరిచింది.

"ఆ ఖాళీలో ఉన్నది నా పేరండీ. ఈయన దాచారు."

ఈశ్వరప్రసాద్ చదివాడు. "అయితే చేసింది మీరా అమ్మా?"

"నేనేనండీ. ఇంకేమైనా మార్చాలా?"

"లోపలికెళ్ళు," అన్నాడు సుకుమార్, నెమ్మదిగానే.

ఆమె తెర మీంచి చూపు తిప్పలేదు. "పొయ్యి మీద అన్నం ఉందండీ. మీరెళ్ళి దించండి."