బూటు ముక్కు దగ్గర

తనిఖీకి కంపెనీ మేడం వస్తోందని తెలిసిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో చీపురుకి ఊపిరాడటం లేదు. ఊడ్చేది దుమ్ము కాదు, పూసలు. ఆవగింజలో సగం ఉండే గాజు పూసలు. మీరు నమ్మరుగానీ ఆ ఇంట్లో పూస దూరని చోటు లేదు. దిండులో పూసలు, దువ్వెనలో పూసలు, ఉప్పుడబ్బాలో పూసలు. ఒకసారి అత్తగారు తుమ్మితే ముక్కులోంచి నీలంపూస ఒకటి ఎగిరి, గోడకి తగిలి, తిరిగొచ్చి పూసల డబ్బాలోనే పడిందని వీధిలో చెప్పుకుంటారు. డబ్బాలో పడిందో లేదో గానీ, వంగి వెతికింది మాత్రం కోడలే.

కోడలంటే పిచిక వాళ్ళమ్మ. పిచిక ఆమె కూతురు. పదేళ్ళు నిండలేదు, నాలుగో తరగతి. ఒక్కచోట కుదురుగా కూర్చోదని ఆ పేరు పెట్టారు. ఇప్పుడు పొద్దస్తమానం ఒక్కచోటే కూర్చుంటోంది, పేరు మాత్రం మార్చలేదు.

కూర్చుని చేసేది బూట్ల పని. బూట్లంటే మీరూ నేనూ వేసుకునేవి కాదు, అప్పుడే పుట్టిన పాపాయిలకి తొడిగేవి. అరచేతిలో పెడితే పిల్లిపిల్ల పడుకున్నట్టుంటాయి. వాటి ముక్కుమీద పూసలతో పువ్వు కుట్టాలి. బూటు కాకముందే గుడ్డమీద కుట్టేస్తే మెషిను కింద పూసలు పగులుతాయట. అందుకని బూటంతా అయిపోయాక, ఇళ్ళకి పంపించి చేత్తో కుట్టిస్తారు. సూది పైనుంచి దిగుతుంది. లోపల వేలు దాన్ని పట్టుకుని మళ్ళీ పైకి తొయ్యాలి. మొదట్లో బూట్లు కాస్త పెద్దవి, పిచిక వాళ్ళమ్మ చిటికెనవేలు పట్టేది. పిచిక బడినుంచొచ్చి సరదాగా సూదిలో దారం ఎక్కించేది. తర్వాత పూసలు ఏరిపెట్టేది. ఈసారి బూట్ల సైజు తగ్గింది. ముక్కు దాకా వెళ్ళేది పిచిక వేలొక్కటే. కుట్టిన సరుకు ఎత్తే రోజుల్లో బడి మానింది. ఆ తర్వాత రోజూ సరుకు ఎత్తే రోజే అయింది.

బడినుంచి టీచరమ్మ వచ్చి పిల్ల రావటం లేదేం, పనిలో పెట్టారా అని అడిగితే, గుమ్మంలో నిలబడి పిచిక వాళ్ళమ్మే చెప్పింది.

"పనేం లేదండీ. నాకు కాస్త సాయంగా ఉంటోంది."

ఆ మాట తన నోటినుంచి వచ్చిందా, అత్తగారి నోటినుంచా అని ఆ తర్వాత చాలాసార్లు అనుమానం వచ్చింది. అలవాటైన మాట. చెప్పులేసుకున్నంత తేలిగ్గా వచ్చేసింది.

బూట్లు తెచ్చిపెట్టే మనిషిని వీధంతా సరుకాయన అంటారు. నవ్వాడంటే ముందు పళ్ళు, వెనక ఆయన వస్తాడు. ఆయన లెక్కలో ఆ ఇంట్లో పూసలు కుట్టేది ఆమె కాదు, ఆమె మొగుడు. డబ్బు మొగుడి చేతికే ఇస్తాడు, మెచ్చుకోలూ మొగుడికే. ఒకరోజు బూటు ఎత్తి వెలుతురులో చూస్తూ, "ఏం చేతిపనండీ మీది, పువ్వు వాసనొచ్చేలా ఉంది" అన్నాడు. మొగుడు కాదనలేదు. తన అరచెయ్యి తిప్పి చూసుకుని సిగ్గుపడ్డాడు. అప్పుడు ఆమె పక్కనే ఉంది, వేలికి సూది గుచ్చుకుంటే నోట్లో పెట్టుకుని.

తనిఖీకి ముందురోజు సరుకాయన ఇల్లు సర్దటానికి వచ్చాడు. ఒక బల్ల దీపం, కొత్త చాప, మందుల డబ్బా, ఒక కుర్చీ దింపాడు. ఆ దీపం వెలిగిస్తే పక్కింటి కోడి తెల్లారిందనుకుని కూసింది. ఇన్నాళ్ళు కిటికీ వెలుతురు కోసం ఎండతోపాటు గదంతా జరుగుతూ కుట్టిన ఆమె, దాని కింద చెయ్యి పెట్టి చూసుకుంది. గీతలన్నీ కనిపించాయి. కళ్ళు మసకేస్తున్నాయి, కళ్ళజోడు కావాలని ఆమె కిందటేడే అడిగింది. "ఇంట్లో ఉండేదానికి కళ్ళజోడెందుకు? వంటింటికి దారి తప్పుతావా?" అన్నాడు మొగుడు. అత్తగారు నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే దానికి ఇంకోమాట పడాలి.

చివరికి సరుకాయన సంచిలోంచి ఒక పెద్ద కాగితం తీశాడు, గోడకి అంటించాలట. ఆమె పిండి ఉడికించి జిగురు చేసింది. కాగితం నిటారుగా రావాలంటే ఎవరో ఒకరు కుర్చీ మీద పెట్టిన పీట ఎక్కాలి. తేలిగ్గా ఉండేది పిచికే కాబట్టి పిచికే ఎక్కి అంటించింది. దిగాక నాలుగడుగులు వెనక్కెళ్ళి గట్టిగా చదివింది.

"పిల్లలతో పని చేయించరాదు."

"ఏ పిల్లలతోనే నానమ్మా?" అని అడిగింది.

"కంపెనీవాళ్ళ పిల్లల గురించిలే. నువ్వెళ్ళి పూసలు ఏరు" అంది అత్తగారు.

సరుకాయన పడీపడీ నవ్వాడు. నవ్వాక పిచిక చెయ్యి పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే చూశాడు, కూరగాయలవాడి దగ్గర బెండకాయలు చూసినట్టు. "సోమవారం బండి పంపిస్తా. మా షెడ్డులో ఇలాంటి పిల్లలే ఉన్నారు, ఆడుతూ పాడుతూ కుట్టుకుంటారు. తిండి, పడక అన్నీ అక్కడే" అన్నాడు మొగుడితో. మొగుడు తల ఊపాడు. అత్తగారు ఊపింది. ఆమె తల కేసి ఎవరూ చూడలేదు కాబట్టి అది ఊగిందో లేదో ఎవరికీ తెలీదు.

ఆ షెడ్డు ఆమె చూసింది. ఎదురింటి ఇస్త్రీ వదిన అక్క కూతురు అక్కడే ఉంది. ఆ పిల్లకి బట్టలిద్దామని వదినతో కలిసి ఒకసారి వెళ్ళింది. గేటు తియ్యలేదు. కాపలావాడు మూట గేటు పైనుంచి అందుకుని, "చెప్తాలే" అన్నాడు. కిటికీలకి లోపలినుంచి చెక్కలు కొట్టున్నాయి. అంతమంది పిల్లలున్నచోట ఒక్క అరుపు కూడా వినపడలేదు. దారిలో వదిన చెప్పింది: "ఫోను చేస్తే బావున్నానే అంటుంది వదినా. ఆ పిల్ల మాట్లాడినంతసేపూ పక్కన ఎవరో దగ్గుతూనే ఉంటారు." ఆ దగ్గు ఆమె చెవిలో ఉండిపోయింది. పూసలు ఏరుతుంటే, గిన్నెలు తోముతుంటే కూడా.

ఆ రాత్రి ఆమె, మేడం ముందు కుట్టి చూపించాల్సొస్తుందని, మొగుడికి సూది పట్టుకోవటం నేర్పింది. దుక్కలాంటి చెయ్యి. ఆ బొటనవేలు బూటులోకి దూరాలంటే బూటన్నా చిరగాలి, వేలన్నా చెక్కాలి. రెండో పూసకే గుచ్చుకుంది. ఆమె గుడ్డ కట్టింది. "నా కొడుకు రెక్కలు ముక్కలు చేసుకుంటున్నాడు" అని అత్తగారు నిట్టూర్చింది.

మర్నాడు మేడం వచ్చింది. పిచికని ముందే ఇస్త్రీ వదిన ఇంట్లో దాచారు. మేడం అంటే ఆరడుగుల మనిషిని ఊహించుకున్నారందరూ. మెట్లెక్కి ఆయాసపడుతూ, మోకాలు పట్టుకుని, ఎండకి వాడిపోయిన మనిషి వచ్చింది. చేతిలో చిన్న పుస్తకం, పెన్ను. సరుకాయన కుర్చీ వేశాడు. దీపం వెలుగుతోంది, మొగుడు చాపమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కోడలికి టీ పని ఇచ్చారు.

"ఇదంతా మీరే కుడతారా?" అంది మేడం.

"నేనేనండీ. మా ఇంట్లో ఆడవాళ్ళు పని చెయ్యరు" అన్నాడు మొగుడు, కాస్త గర్వంగానే.

"ఒకటి కుట్టి చూపించండి."

మొగుడు సూది దింపాడు. అది ఎక్కడికి పోయిందో తెలీక బూటుని చెవిదగ్గర పెట్టి ఊపాడు. చెమటలు పట్టాయి. "నిన్ననే చెయ్యి బెణికిందండీ పాపం" అని సరుకాయన అందుకున్నాడు. మేడం గోడమీది కాగితం చూసింది. టీ కప్పు అందుకుంటూ కోడలి కేసి చూసింది.

"మీరేం చేస్తారమ్మా?"

"ఏం చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది" అన్నాడు మొగుడు.

"ఏం పనుంది తనకి, మహారాణి" అంది అత్తగారు.

"హౌస్‌వైఫండీ" అన్నాడు సరుకాయన.

ముగ్గురూ ఒకేసారి అన్నారు. ఇంతమంది కలిసి ఒకమాట మీద నిలబడటం ఆ ఇంట్లో ఆమె ఎన్నడూ చూడలేదు. కప్పు అందించిన ఆమె చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. ఏం చెయ్యదు. పొద్దున లేచి నీళ్ళు పట్టి, పొయ్యి వెలిగించి, అత్తగారి కాళ్ళకి నూనె రాసి, ఆయన చొక్కా ఉతికి, ఆ చొక్కాలో ఇరుక్కున్న పూసలు ఏరి, ఎండతోపాటు గదంతా జరుగుతూ పువ్వులు కుట్టి, ఏం చెయ్యదు. పువ్వు మొగుడిది, వంట ఆకలిది, ఇల్లు దానంతటదే శుభ్రంగా ఉంటుంది. సరే, తనకంటే అలవాటైంది. ఏమీ చెయ్యనిదానిగా బతకటం కూడా ఒక పనే, దాన్నీ చేసుకుంటూ వచ్చింది. కానీ ఇప్పుడు ఇంకోటి తట్టింది, బెజ్జంలోంచి దారం వచ్చినట్టు సన్నగా. అమ్మ చేసేది పని కానప్పుడు, అమ్మకి సాయం చేసే పిల్ల చేసేది మాత్రం పనెలా అవుతుంది? ఎవరూ ఏమీ చెయ్యని ఇంట్లో పిల్లని ఎక్కడ వెతుకుతారు? ఈ మేడం నిజంగానే రాసుకుని వెళ్ళిపోతుంది, ఇక్కడ పిల్లలెవరూ పని చెయ్యటం లేదని. అందులో అబద్ధం కూడా లేదు. పిచికని దాచింది ఇస్త్రీ వదిన ఇంట్లో కాదు. ఆ మాట వెనక దాచారు. మొట్టమొదట దాచింది తనే, టీచరమ్మ దగ్గర. సోమవారం బండి వస్తుంది. ఆ తర్వాత ఫోనులో దగ్గు వినపడుతుంది.

ఆమె చెయ్యి కొంగుకి తుడుచుకుని చాపమీద కూర్చుంది. మొగుడి చేతిలోంచి బూటు తీసుకుంది.

"పాలు పొంగుతున్నాయేమో చూడు" అన్నాడు మొగుడు పళ్ళు బిగించి.

"పొయ్యి ఆపేసే వచ్చాను."

కుట్టటం మొదలుపెట్టింది. ఆ దీపం కింద కుట్టటం అదే మొదటిసారి. చెయ్యి చెయ్యిలా లేదు, వాన పడుతున్నట్టుంది. ఒక రేక, రెండో రేక. మేడం టీ తాగటం మానేసి ముందుకి వంగింది. పువ్వు సగం దాటి ముక్కు దగ్గరికొచ్చేసరికి ఆమె వేలు లోపల ఆగిపోయింది. ఎంత తోసినా వెళ్ళలేదు. బూటుని అలాగే ఎత్తి పట్టుకుంది.

"ఒకమాట అడుగుతాను మేడం. ఏ ఇంట్లోనన్నా పిల్లలు దొరికితే పని తీసేస్తారా?"

మేడం పెన్ను మూత పెట్టింది, తీసింది.

"తీసెయ్యకూడదు. పిల్లని బడికి పంపి, పని పెద్దవాళ్ళకే ఉంచాలి. కంపెనీ రూలు అది."

"జరిగేది అదేనా?"

"అన్నిచోట్లా కాదు. నేను మాటివ్వలేను."

ఇంతవరకూ ఆ ఇంటికొచ్చినవాళ్ళెవరూ ఆమెతో అంత నిజం చెప్పలేదు. ఆమెకి భయం వేసింది. ఆ భయం మీదే లేచి, కిటికీలోంచి ఎదురింటి కేసి పిలిచింది.

"పిచికా."

పిచిక చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చి గుమ్మంలో గడ్డకట్టింది. అమ్మ మొహం, నాన్న మొహం, సరుకాయన పళ్ళు ఒకదాని తర్వాత ఒకటి చూసింది. ఆమె కూతురి కుడిచెయ్యి పట్టుకుని మేడం ముందు విప్పింది. చూపుడువేలి కొస జల్లెడలా ఉంది.

"ఇక్కడిదాకా నేను" అంది బూటు చూపించి. "ఇక్కడినుంచి నా కూతురు. ఇన్నాళ్ళూ ఇది సాయమన్నాను. సాయం కాదు, పనే. నాదీ పనే."

"దానికి మతి లేదండీ, ఎండదెబ్బ" అన్నాడు సరుకాయన. పళ్ళు ఇప్పుడు లోపలికెళ్ళాయి.

"సోమవారం దీన్ని ఈ సరుకాయన షెడ్డుకి తీసుకెళ్తారట. అక్కడ చాలామంది ఉన్నారు. గేటు తియ్యరు. మీకు చూపించే ఇళ్ళలో అది ఉండదు. దారి నాకు తెలుసు."

మేడం మోకాలు పట్టుకుని లేచింది. "ఎంత దూరం?"

"నడవచ్చు."

ఆమె గుమ్మం పక్కన చెప్పులు వేసుకుంటోంది. పిచిక చెయ్యి వదల్లేదు. రేపు ఇంటికి బూట్లు రావని ఆమెకి తెలుసు. వీధిలో అందరి నోట్లోనూ తన పేరు నానుతుందని తెలుసు. సాయంత్రం ఈ గుమ్మం తలుపు తెరిచి ఉంటుందో లేదో మాత్రం తెలీదు. ఎదురుగా ఇస్త్రీ వదిన ఇస్త్రీపెట్టె దించి, తనూ చెప్పులు వెతుక్కుంటోంది.

అప్పుడు వెనకనుంచి మొగుడు అరిచాడు, ఆ కంగారులో ఏమంటున్నాడో తనకే తెలీకుండా.

"నువ్విలా పోతే ఈ ఇంట్లో పనంతా ఎవరు చేస్తారే?"

ఆమె చెప్పు సరిచేసుకుని, మేడం కేసి తిరిగింది.

"విన్నారుగా మేడం. అది కూడా రాసుకోండి."