కంకర దారిలో విశ్రాంతి

కొండల నడుమ సరస్సు చుట్టూ కంకర దారి. మోటారు బళ్లను రానివ్వరు కాబట్టి ఆయన సైకిల్ మీద రెచ్చిపోతున్నాడు. ప్రతి మలుపులోనూ ఆగి, నీళ్లు తాగి, కాళ్లు చాపుకుని కూర్చుంటాడు. వెనకాల తన సైకిల్ తొక్కుకుంటూ, కంకర మీద జారుతూ, రొప్పుతూ భార్య అక్కడికి చేరగానే లేచి ప్యాంటు దులుపుకుంటాడు.

"వచ్చేశావా? పద, పద!"

నాలుగో మలుపులో ఆమెకు ఒళ్లు మండిపోయింది. విశ్రాంతంతా ఈయనగారికీ, ఆయాసమంతా నాకూనా! ఆయన అటు దూసుకుపోగానే సైకిల్ వెనక్కి తిప్పేసింది. బయలుదేరిన చోటికే వచ్చి, బెంచీ మీద కాళ్లు చాపుకుని కూర్చుంది.

చాలాసేపటికి ఆయన చెమటలు కక్కుతూ, ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు.

"ఎక్కడికి పోయావే? నా గుండె ఆగినంత పనైంది!" అంటూ సైకిల్ దిగబోయాడు.

ఆమె లేచి బట్టలు దులుపుకుంది.

"వచ్చేశారా? పదండి, పదండి!"