తిప్ప దాటిన తెడ్డు

నేను ఒక తెడ్డును. ఒకచోట ఊరికే ఉండడం నాకు చేతకాదు. మద్ది దుంగలోంచి నన్ను చెక్కిన నాగలింగం నన్ను సోమన్న చేతిలో పెట్టాడు. సోమన్న లంక రేవులో పడవ నడిపేవాడు. పాట ఎక్కువ, పని తక్కువ మనిషి. ఒక వేసవిలో కొబ్బరిచెట్టు మీంచి పడ్డాడు, కుడి భుజం పనికిరాకుండా పోయింది. మర్నాడు అతని భార్య వీరవేణి కుచ్చెళ్లు ఎగదోపి నన్నందుకుంది.

ఆడమనిషి పడవ నడిపితే గోదారమ్మ ఊరుకోదన్నారు లంక జనం. జ్వరమొచ్చిన బిడ్డని అవతలి ఒడ్డుకు చేర్చాల్సి వచ్చేసరికి, "వేణమ్మా, కాస్త తొందరగా పోనియ్యి తల్లీ" అన్నదీ వాళ్లే.

ఇంతలో సోమన్న పినతండ్రి కొడుకు తాతారావు పెద్ద ఇంజను పడవ కొన్నాడు. రేవు తనకే కావాలన్నాడు. ఒక రేవుకు ఇద్దరెందుకని ఊరిపెద్దలు తేల్చారు గానీ, ఆ ఒక్కరూ ఎవరో తేల్చలేక పందెం పెట్టారు. ఇంజను వాడకూడదు. తెడ్లతో అవతలి ఒడ్డుకు ముందు చేరినవాళ్లదే రేవు. ఓడినవాళ్ల పడవ మళ్లీ అక్కడ కట్టకూడదు.

తాతారావుకు నలుగురు మగాళ్లు తెడ్లేస్తారు. వీరవేణికి ఉన్నది ఆడపడుచు గంగ ఒక్కతే. ఆ వారమంతా వీరవేణికి అన్నం సయించలేదు. కూర్చుంటే లేచేది, లేస్తే రేవుకు నడిచేది. వరద తీసినా ఎర్రనీరింకా తేరుకోలేదు. పడవ వేసుకుపోయి నన్ను నీళ్లలో నిలువునా గుచ్చి లోతు చూసేది. నడి గోదాట్లో ఒకచోట మోకాలి లోతులోనే నా మొన ఇసుకకు తగిలింది. వరద అక్కడ నీళ్ల కింద కొత్తగా ఇసుక తిప్ప మేట వేసింది. వీరవేణి చుట్టూ చూసి నన్ను చటుక్కున పైకి లాగేసింది.

పందెం రోజున తాతారావు పడవ మొదట్లోనే ముందుకు పోయింది. అయినా తిన్నగా పోడే! వదిన ఎటు తిరిగితే అటు అడ్డం పడుతున్నాడు. వీరవేణి పడవ మూతిని మేట వైపు తిప్పింది.

"వదినా, అటు వద్దే! ఇసక!" అంది గంగ గుసగుసగా, తన తెడ్డు అడుగుకు తగలగానే.

"నోర్మూసుకుని లోతునీళ్లలో వేసినట్టు వెయ్యి."

వీరవేణి నడుం వంచి, భుజాలు విరిగేలా తెడ్డేస్తోంది. అది చూసేవాళ్ల కోసం. నీళ్ల కింద నన్ను పక్కకు వాల్చి, ఇసుక మీదుగా జారనిస్తోంది. ప్రతి విసురుకూ ఇసుక నా అంచును గీరుతోంది. ఇంకాస్త దిగితే గుట్టు రట్టే. తెడ్డు కూడా అబద్ధమాడగలదని ఆ రోజే నాకు తెలిసింది.

ఆ ఊపు చూసి అసలు పాయ అక్కడే ఉందనుకున్నాడు తాతారావు. "అడ్డం కొట్టండ్రా!" అని అరిచాడు. నలుగురూ ఒక్క ఊపున వేశారు. పెద్ద పడవ ఇసుకలోకి మూతి దూర్చి, మూలిగి ఆగిపోయింది. మా తేలిక పడవ దాని పక్కనుంచే గీరుకుంటూ జారిపోయింది.

అవతలి ఒడ్డుకు మేమే ముందు చేరాం. ఈలలు, కేకలు. వీరవేణి పడవ దిగను కూడా దిగలేదు. లాగే మోకు వేసుకుని వెనక్కి, మేట దగ్గరికి తిరిగింది.

"లోతు లేనిచోట అంత లోతుగా ఎలా వేశావు వదినా?" అన్నాడు తాతారావు, నడుంలోతు సిగ్గుతో, మోకాల్లోతు నీళ్లలో నిలబడి.

"నువ్వు నన్ను చూశావు మరిదీ. నీళ్లని చూడలేదు," అంటూ మోకు విసిరింది.

అతను కాసేపు నీళ్లకేసి చూసి, మోకు అందుకున్నాడు.

చాలా ఏళ్లు రేవు మాదే. తర్వాత వంతెన వచ్చింది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. వంతెన మీద పరుగులు తీసిన జనంలో ఒక్కరూ కిందికి వంగి మా పడవను చూడలేదు. ఎండకు దాని పలకలు విచ్చాయి. ఇప్పుడు నేను అవతలి ఒడ్డున పాత సామాన్ల కొట్టులో, తుప్పు పట్టిన రేకుల మధ్య ఉన్నాను.

ఇక్కడికి తెచ్చింది వీరవేణే. జుట్టు నెరిసింది, నడక వేగం మాత్రం తగ్గలేదు. నన్ను భుజాన వేసుకుని వంతెనెక్కింది. నడిమధ్యకొచ్చాక ఆగింది. కింద గోదారి ఎర్రగా, తొందరగా పోతోంది. నా కర్ర మీద ఆమె పిడికిలి ఒకసారి బిగిసింది, వదులైంది. మళ్లీ నడిచింది.

మొట్టమొదటిసారి నేను తడవకుండా గోదారి దాటాను.