వెంట్రుకవాసి వదులు

తలుపుల మేస్త్రి చిత్రికను బల్ల మీద పెట్టాడు గానీ దాని మీంచి చెయ్యి తియ్యలేదు. పొద్దుటి నుంచి చిత్రికలకి ముప్పై రెండు చీలలు చెక్కి నడుం పట్టేసిన చీలలక్క తలెత్తి చూసింది. అతని చొక్కా నిండా కర్ర పొట్టు. పని ముగించుకున్న మనిషి దులుపుకుని వస్తాడు. ఇతను దులుపుకోలేదు.

"పంపించేశారక్కా. పెద్ద తలుపు, ఒంటి పలక. నాలుగు పట్లు పట్టేసరికి బ్లేడు అదిరిపోయి పలకంతా మెట్లు మెట్లుగా చెక్కేసింది. మళ్ళీ బిగించి పట్టాను. పొట్టంతా చిత్రిక నోట్లో ఇరుక్కుంది. రేపట్నుంచి రావద్దన్నారు."

సొంత చిత్రిక ఉన్న వడ్రంగికి పూర్తి కూలి, లేనివాడికి సగం. పలకను నున్నగా చేసేది అదే కాబట్టి అది లేనివాణ్ణి మేస్త్రి అనరు, చేతికింద మనిషి అంటారు. చిత్రికలు తయారుచేసే ఈ కార్ఖానాలో ఒకటి కొనాలంటే పన్నెండు రోజుల కూలి పొయ్యాలి. ఆ పన్నెండు రోజులూ ఇంట్లో ఏం తినాలో ఎవరూ చెప్పరు. అందుకే తలుపుల మేస్త్రి పుస్తకం చూసి సొంతంగా చేసుకున్నాడు. నెల రోజులు మురిసిపోతూ చేశాడు.

"పుస్తకంలో ఉన్నట్టే చేశాను, అక్షరం తప్పలేదు. ఎక్కడ పొరపాటు పడ్డానో నువ్వే చూడక్కా."

అతను తిట్టినా బాగుండేది. ఆ పుస్తకం రాసింది ఆమే. నాన్న చెబుతుంటే ఆమె రాసింది. ఊపిరితిత్తుల నిండా కర్ర దుమ్ము పేరుకుని మంచం పట్టిన ఏడాది, "ఈ పని నాతో పోకూడదే, సగం కూలివాళ్ళకి పనికొస్తుంది" అని ఆయనే మొదలుపెట్టాడు. ఏ కర్ర ఎంతకాలం ఆరాలి, దిమ్మెలో నోరు ఎలా తొలవాలి, బ్లేడు ఎంత వాలుగా కూర్చోవాలి, మొత్తం ఇరవై రెండు పేజీలు. ఆమె నలభై కాపీలు జిరాక్స్ తీయించి పంచింది. అవి చేతులు మారి మారి ఎక్కడెక్కడికో పోయాయి.

సుత్తితో తట్టి చీల ఊడదీసింది. బ్లేడును దిమ్మెకు అదిమి పట్టే రెండు కాళ్ళ కర్రముక్క అది. పైభాగం ఒరుసుకుని మెరుస్తోంది. కింద, కాళ్ళ దగ్గర మాత్రం గీతైనా పడలేదు. అంటే కింద పట్టనే లేదు. అతని తప్పేమీ లేదు.

చిత్రికలు చేసేవాళ్ళ ఇళ్ళల్లో ఒక అలవాటుంది. అంతా అందరి ముందే చేస్తారు. ఆఖర్న చీల బిగించే ముందు మాత్రం వీపు తిప్పుకుంటారు. ఆకురాయితో చీల మీద రెండు పట్లు, అంతే. ఆ రెండు పట్లేమిటో తండ్రి పోయేముందు కొడుకు చెవిలో చెబుతాడు. నాన్నకి కొడుకుల్లేరు. ఇరవై ఏళ్ళు ఆమె చెక్కిన చీలల్ని తీసుకుని ఆమెకే వీపు తిప్పి పనిచేశాడు. బాగుచేయడానికి వచ్చిన పాత చిత్రికల్ని ఊడదీసి చూసి చూసి, ఆ సంగతి ఆమె ఎప్పుడో కనిపెట్టింది. ఆఖరి పేజీ దగ్గర నాన్న "చీల బిగించాలి, అంతే" అన్నప్పుడు ఆమె నోరు మెదపలేదు. ఆయన నోట రాని మాట తనెలా రాస్తుంది? అలా అనుకుని ఊరుకుంది. ఇప్పుడు సిగ్గేసింది.

లేచి వెనక గదిలోకి వెళ్ళింది. కార్ఖానా వాళ్ళిచ్చిన గది అది. ఒక మంచం, ఒక కిటికీ.

"నాన్నా, తలుపుల మేస్త్రి పని పోయింది."

"విన్నాను."

"ఆ చీల సంగతి కూడా రాసేద్దాం."

ఆయన చాలాసేపు దగ్గాడు. "అది చెప్పే మాట కాదమ్మా. మా నాన్న ఆఖరి ఊపిరితో చెప్పాడు నాకు."

"మరి పుస్తకమెందుకు రాయించావు?"

"నలుగురికీ పనికొస్తుందని."

"పనికొచ్చిందా?"

"నేనేం దాచలేదే!" అన్నాడు ముసలాయన. నిజంగానే బిత్తరపోయాడు. "అక్కడికొచ్చేసరికి నాకు మాట రాదు. చెప్పాలనే తోచదు."

ఆయన అబద్ధమాడటం లేదని ఆమెకు తెలుసు. అందుకే ఇంకా ఏడుపొచ్చింది.

బయట కార్ఖానా యజమాని గొంతు వినిపించింది. ఆమె వచ్చేసరికి ఆయన తలుపుల మేస్త్రి చిత్రికను అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"పుస్తకం చూసి చేసిందేనా? ఈ నెలలో నువ్వు తొమ్మిదోవాడివయ్యా. ఆ ఎనిమిది మందీ చివరికి మన దగ్గరే కొనుక్కున్నారు." ఆమె వైపు తిరిగాడు. "అమ్మాయ్, నీకే చెబుదామని వచ్చాను. పుస్తకం బ్రహ్మాండంగా ఉంది. ఇంకో అయిదొందలు నేనే అచ్చేయిస్తాను. మీ నాన్నగారి ఫొటో కూడా వేద్దాం. ఒక్క అక్షరం మాత్రం మార్చకు. ఆ గదంటావా, ఆయన ఉన్నన్నాళ్ళూ మీదే."

అంటే ఈయనకి ఏం తక్కువైందో తెలుసు. తెలిసే ముచ్చటపడుతున్నాడు. చీలలక్కకి ఒళ్ళు మండిపోయింది.

"అచ్చెయ్యొద్దండి," అంది.

"ఏం?"

ఆమె స్టూలు లాక్కుని బల్ల ముందు కూర్చుంది. తలుపుల మేస్త్రి చీలను ఎడం చేత్తో పట్టుకుని, కుడి చేత్తో ఆకురాయి తీసింది. పక్క బల్లల దగ్గరున్న ముగ్గురు పనివాళ్ళు, అలవాటు కొద్దీ, చూపు తిప్పుకున్నారు.

"ఇటే చూడండి," అంది. "చీల ముందు కింద కాళ్ళ దగ్గర బిగియాలి. పైన వెంట్రుకవాసి వదులుండాలి. పైనే బిగిస్తే కింద బ్లేడు అదురుతుంది. రెండు పట్లు, ఇక్కడ పైన. రాసుకో మేస్త్రీ."

తలుపుల మేస్త్రి జేబులు తడుముకున్నాడు. పెన్సిలు లేదు. పక్క బల్ల అతను చెవి మీదున్న పెన్సిలు తీసి ఇచ్చాడు.

"గది సంగతి ఆలోచించుకో అమ్మాయ్," అన్నాడు యజమాని, ఏమాత్రం గొంతు పెంచకుండా. "ఈ వారాంతం దాకా టైముంది."

ఆమె మొదటి పట్టు పట్టింది. వెనక గదిలో మంచం కిర్రుమంది. నాన్న గోడవైపు తిరిగాడో, లేచి గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడో తెలియలేదు. చూడాలంటే వీళ్ళకి వీపు తిప్పాలి.

ఆమె రెండో పట్టు పట్టింది.