కళ్ళు మూయని ఫోటో

పొద్దున లేవగానే ఆ అమ్మాయి ముందు గోడ వంక చూసేది. మంచం పక్కన గోడ నిండా తన పాస్‌పోర్టు ఫోటోలే. దరఖాస్తు పంపిన ప్రతిసారీ ఒక ఫోటో దానికి అతికించి, దాని జోడీని గోడకి అంటించి, కింద పెన్సిల్‌తో కంపెనీ పేరు రాసుకునేది. అక్కడ వాళ్ళు దరఖాస్తు పక్కన పడేస్తే, దాని మీది ఫోటోతోపాటు ఇక్కడ గోడ మీది జోడీ కూడా కళ్ళు మూసుకునేది. ఉద్యోగాలు వెతికేవాళ్ళ గదులన్నిట్లోనూ అంతే.

పక్క గదాయన పళ్ళు తోముకుంటూ గుమ్మం దగ్గర ఆగి, "ఇవాళ ఎవరు మూశారు?" అని అడిగేవాడు.

"బిస్కెట్ల కంపెనీ."

"నాకు సిమెంటు వాళ్ళు," అనేసి వెళ్ళిపోయేవాడు. చాలా రోజులు ఆమెతో మాట్లాడిన మనిషి అతనొక్కడే. ఈమధ్య అతనూ గది ఖాళీ చేశాడు.

సలహాలకి మాత్రం లోటు లేదు. ఫోటోలో నవ్వమన్నది అత్తయ్య. నవ్వితే లోకువైపోతావన్నాడు మావయ్య. ఇక బాబాయి సంగతి చెప్పక్కర్లేదు. "ఒంటరిగా ఉంటున్న పిల్లవి, నీ నంబరు ఊరంతా పంచిపెడతావా? నా నంబరు రాయి. నేను చూసుకుంటా," అన్నాడు. దరఖాస్తులన్నిట్లో అలాగే రాసింది. డిగ్రీ చేతపట్టుకున్న పిల్ల కనిపిస్తే చాలు, జన్మలో ఒక్క ఆఫీసు మెట్లెక్కని వాడు కూడా గురువైపోతాడు. ఇంతమందిలో ఒక్కరైనా, "పద, నేను తోడొస్తా" అన్నారా? అనలేదు.

వానలు మొదలయ్యేసరికి గోడ మీది ముఖాలన్నీ కళ్ళు మూశాయి, ఒక్కటి తప్ప. అది లిఫ్టుల కంపెనీకి పంపినదాని జోడీ. ఒకోసారి రెప్ప వేసి మళ్ళీ తెరిచేది. ఆ గదిలో మేలుకుని ఉన్నది తామిద్దరే అనిపించేది అమ్మాయికి. ఇంటి నుంచి కబురు రానే వచ్చింది: నెలాఖరుకి వచ్చెయ్యి, బాబాయి బట్టల కొట్టులో బిల్లులు రాద్దువుగాని.

ఆఖరి ప్రయత్నంగా మళ్ళీ ఫోటోలు దిగడానికి వెళ్ళింది.

"మళ్ళీనా తల్లీ? పాతవన్నీ నిద్రపోయాయా?" అంది స్టూడియో ఆవిడ.

"ఒక్కటి మిగిలింది ఆంటీ. లిఫ్టుల వాళ్ళది. కళ్ళూ మూయదు, వాళ్ళు పిలవనూ పిలవరు."

"మూయలేదంటే ఇంకా ఎవరి బల్ల మీదో ఉన్నట్టేగా. పిలవలేదని నీకెలా తెలుసు?"

జుట్టు సర్దుకుంటున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. అక్కడి నుంచే ఫోన్ చేసింది.

"బాబాయ్, నాకోసం ఏమైనా ఫోన్లు వచ్చాయా?"

"నీకెవరు చేస్తారే? ఏవో తెలియని నంబర్లు వస్తుంటాయి. లోన్లు కావాలా అని ప్రాణం తీస్తారు. నేనెత్తను."

"ఉద్యోగాలిచ్చేది తెలియని వాళ్ళే కదా బాబాయ్!"

"అది కాదమ్మా, ముందు నా మాట విను. ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు..."

మొదటిసారి బాబాయి సలహా మధ్యలో ఫోన్ పెట్టేసింది. గోడ మీద ఎన్ని ముఖాలు, అక్కడ ఫోన్ మోగీ మోగీ, ఇక్కడ కళ్ళు మూశాయో ఎవడు చెప్పగలడు?

తడుస్తూనే వెళ్ళింది. లిఫ్టుల కంపెనీలో లిఫ్టు పనిచేయడం లేదు. ఆయాసపడుతూ మెట్లన్నీ ఎక్కింది. ఫిర్యాదుల గదిలో ఒక పెద్దావిడ ఒక్కతే కూర్చుని ఉంది. ఆవిడ బల్ల అద్దం కింద అమ్మాయి దరఖాస్తు, దాని మీద ఫోటో.

"వచ్చావా!" అంది పెద్దావిడ. "ఎన్నిసార్లు చేశానో. ఒక్కరూ ఎత్తరే!"

"మరి పారెయ్యలేదేం మేడమ్?"

"రోజంతా ఈ గదిలో నా వంక చూసేది ఇదొక్కటే. పారెయ్యబుద్ధి కాలేదు." ముఖం తుడుచుకోమని తువ్వాలు అందించింది. "ఫోన్లెత్తే పని. లిఫ్టులో ఇరుక్కున్న మనిషి తెలియని నంబరు నుంచే చేస్తాడు. విసుక్కోకుండా ఎత్తగలవా?"

"ఒక్కటి కూడా వదలను మేడమ్."

కొన్నాళ్ళకి ఆవిడ రిటైరయింది. వెళ్తూ వెళ్తూ బల్ల కింది అట్టపెట్టె చూపించి, "సాయంత్రం డ్యూటీకి ఇంకొకరు కావాలి. చిత్తుకాగితాల వాడికి వేసేముందు ఒకసారి చూడు," అంది.

ఇప్పుడు ఆ గదిలో అమ్మాయి ఒక్కతే. పెట్టె నిండా దరఖాస్తులు, అన్నిటి మీదా కళ్ళు మూసుకున్న ముఖాలు. ఒకటి తీసింది. ఇస్త్రీ చొక్కా, నవ్వాలో వద్దో తేల్చుకోలేని పెదాలు. ఎవరి సలహా విన్నాడో పాపం. దాన్ని ఫోనుకి ఆనించి నిలబెట్టి, మొదటి నుంచి చివరిదాకా చదివింది. చదువుతుండగానే ఫోటోలో రెప్పలు కదిలాయి. మెల్లగా విచ్చుకున్నాయి.

నంబరు కలిపింది. అవతల ఎక్కడో మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు.

"ఎత్తు," అంది ఆ కళ్ళలోకి చూస్తూ. "తెలియని నంబరే. ఎత్తు నాయనా."