తలుపుల్లేని అరలు

ఒక ఆదివారం మధ్యాహ్నం వంటింటి గోడకున్న అల్మారా ఉన్నపళంగా ఊడి కింద పడింది. స్టీలు గిన్నెలు, గాజు సీసాలు, పింగాణీ పళ్ళాలు అన్నీ కలిసి చేసిన చప్పుడుకి పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. అంతకు క్షణం ముందు వరకు ఆ అల్మారా కిందే ఆరేళ్ళ పిల్ల కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. నాన్న తన కళ్ళజోడు కనపడటం లేదని కేకేస్తే, వెతికిపెడదామని లేచి వెళ్ళింది. అంతే.

ఆ పిల్లని ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. పిచ్చుకకి గీత కూడా పడలేదు. "నా బఠాణీలు!" అని మాత్రం గుక్కపట్టి ఏడ్చింది. తల్లి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

ఆవిడ పనిచేసేది కళ్ళద్దాల దుకాణంలో. ఊళ్ళో అందరికీ అద్దాలు సరిచేసే తనకి, ఎక్కడ పెట్టిన జోడు అక్కడే మరిచిపోయే మొగుడు దొరికాడని రోజూ సణిగేది. ఆ రోజు నుంచి కళ్ళజోడు ఊసెత్తి ఒక్క మాట అనలేదు.

మొగుడికి సొంత క్షౌరశాల ఉంది. విరిగిన చెక్కలు ఎత్తి చూశాడు. ఇల్లు అమ్మినవాళ్ళు బిగించిన స్క్రూలు చిటికెన వేలి గోరంత ఉన్నాయి. ఇటుకదాకా పోనేలేదు, పైపూత సిమెంటునే పట్టుకుని ఇన్నాళ్ళూ వేలాడాయి.

మర్నాడే ఆవిడ పొయ్యిని ముందు గదిలోకి మార్చేసింది. గిన్నెలు బుట్టల్లో నేల మీదికి చేరాయి. చీకట్లో మంచినీళ్ళకి లేచినవాళ్ళు మూతలు తన్నుకుంటూ నడిచారు.

"ఇది ఇల్లా, పాత్రల కొట్టా?" అంది అత్తగారు. "కాలు పెట్టే సందు లేదు."

"మంచి వడ్రంగిని పిలిచి కొత్తది చేయిద్దాం," అన్నాడు మొగుడు.

"గోడకి ఏదీ తగిలించొద్దండీ. ఆ తలుపులు, ఆ వెనక చెక్క... లోపల మేకు ఎప్పుడు వదులైందో ఎవరికి తెలుస్తుంది?"

అత్తగారు ఒక బుట్టని పక్కకి నెట్టి కోడలి ఎదురుగా కూర్చుంది. "అయితే తలుపులూ వద్దు, వెనక చెక్కా వద్దు. ఉత్త పలకలు పెట్టు, కింద ఇనప బ్రాకెట్లు. దుమ్ము తుడిచేటప్పుడు ఒక్కో స్క్రూని కళ్ళారా చూసుకోవచ్చు."

"ఎవరు పెడతారత్తయ్యా?"

"నువ్వే. ఇంకెవరు పెట్టినా నీకు నమ్మకం కుదరదు కదమ్మా."

మాట సూటిగా తగిలింది. ఆ వారమంతా ఆవిడ దుకాణం నుంచి వస్తూ ఏదో ఒకటి మోసుకొచ్చింది. ఒక రోజు చెక్క పలకలు, ఒక రోజు బ్రాకెట్లు, ఒక రోజు వేలెడంత పొడవున్న స్క్రూలు. పలకల్ని పెరట్లో పెట్టి, చెయ్యి వేస్తే జారేటంత నున్నగా ఉప్పుకాగితంతో రుద్దింది. వంటింటి గోడ మీద రసమట్టం ఆనించి, అందులో బుడగ నడిమధ్యకి వచ్చాక పెన్సిలుతో గీత గీసింది. డ్రిల్లింగ్ మిషన్ పక్కింటాయన ఇచ్చాడు.

మొదటి బెజ్జం వేసేటప్పుడు తెల్లటి పొడి రాలింది. ఇంకాస్త నొక్కగానే మిషన్ మొన గభాలున లోపలికి దిగబడిపోయింది. వెనక ఏమీ లేదు, ఇటుకకీ ఇటుకకీ మధ్య సందు.

"వదిలెయ్, వడ్రంగిని పిలుద్దాం," అన్నాడు మొగుడు. పొడి నేల మీద పడకుండా బెజ్జం కింద కాగితం పట్టుకున్నాడు, పడాల్సిందంతా తల మీదే పడింది.

"అచ్చం మీ నాన్నలా ఉన్నావురా," అంది అత్తగారు ఆ తెల్ల జుట్టు చూసి.

ఆవిడ నవ్వలేదు. బెజ్జాన్ని సిమెంటుతో పూడ్చి, గీత మీదే బెత్తెడు పక్కకి జరిగి మళ్ళీ మొదలుపెట్టింది. తెల్ల పొడి వచ్చింది. తర్వాత మిషన్ మూలిగింది, మొరాయించింది, చేతులు అదిరాయి.

"ఎర్రగా వస్తోందండీ!" అని అరిచింది. "ఇటుక! ఇటుక తగిలింది!"

ఆ తర్వాత బెజ్జాలన్నీ ఎర్రగానే రాలాయి. ప్లగ్గులు దిగగొట్టి, స్క్రూలు తిప్పి, ఇక తిరగనంటున్నా ఇంకో పట్టు బిగించింది. బ్రాకెట్లు నిలిచాయి. ఆవిడ మాత్రం చేతులు కట్టుకుని వాటినే చూస్తూ ఉండిపోయింది.

మొగుడు చొక్కా చేతులు పైకి మడిచాడు. "నాకన్నా బరువైన గిన్నె మనింట్లో ఉందా?" అని రెండు బ్రాకెట్లు పట్టుకుని, మోకాళ్ళు ముడిచి వేలాడాడు.

ఆవిడ గోడకి చెవి ఆనించింది. చిటుక్కుమన్న చప్పుడు లేదు. బ్రాకెట్టుకీ గోడకీ మధ్య గోరు దూర్చి చూసింది, దూరలేదు. ఉన్నట్టుండి భుజాలు ఎగిసిపడేలా ఏడ్చేసింది. అల్మారా పడిన రోజు కూడా రాని ఏడుపు.

"ఏడుస్తున్నావా, నవ్వుతున్నావా?" అన్నాడు అతను వేలాడుతూనే. "ముందు నన్ను దిగమంటావా, వద్దా?"

"దిగకండి. ఇంకాసేపు ఉండండి," అంది కళ్ళు తుడుచుకుంటూ. ఈసారి నిజంగానే నవ్వు వచ్చింది.

అయినా పలకలు బిగించాక వాటి మీద నిండు నీళ్ళ క్యాన్లు పెట్టించి, పలక అడుగున గోడ మీద సన్నగా గీత గీసి, మర్నాటి సాయంత్రం దాకా ఉంచింది. పలక గీతకి దిగువకి వెంట్రుకవాసి కూడా జరగలేదు. అప్పుడు పొయ్యి వంటింట్లోకి తిరిగొచ్చింది. గిన్నెలు ఒక్కొక్కటే అరలెక్కాయి. కింద పెద్దవి, పైన తేలికవి.

కొన్నాళ్ళకి, అన్నాలు తింటుంటే మొగుడు అన్నాడు, "ఇవాళ వంట చేస్తూ ఒక్కసారి కూడా పైకి చూడలేదు నువ్వు."

"చూడలేదా?" అంది ఆవిడ. నిజమే. గుర్తే లేదు. ఒంట్లోంచి ఏదో బరువు చెప్పకుండా దిగి వెళ్ళిపోయినట్టుంది. కంచంలోకి ఇంకాస్త అన్నం పెట్టుకుంది.

ఆ అరల మీద ఫిర్యాదంటూ ఉంటే అది అత్తగారికే. ఆలోచన తనదేనన్న సంగతి మరిచిపోయి, వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటోంది:

"అంతా బాగానే ఉంది కానమ్మా, బిస్కెట్లు దాచుకోవడానికి చోటు లేకుండా చేసింది మా కోడలు. డబ్బా అక్కడ పెట్టడం, ఈ పిచ్చుక ముక్కున కరుచుకుపోవడం!"